రెండు గింజల లెక్క

కువైట్ నుంచి అక్క తిరిగొచ్చి రెండేళ్ళు దాటింది. మొన్న సంక్రాంతికి రాజంపేట పోతే, వంటింట్లో ఖుబూస్‌కి పిండి కలుపుతూ కనిపించింది. గోరువెచ్చని నీళ్ళలో చక్కెర, దాంట్లో ఒక చెంచా ఈస్ట్. పది నిమిషాలకి నురగ లేచింది.

"దీన్ని ఆడ ఖమీరా అంటారు. పదిహేనేండ్లు దీంతోనే నా బతుకు. నువ్వు చదివింది గూడా ఇదే అంట గదా. ఇంత నురగలో అన్నేండ్లు చదివేదానికి ఏముండాది అమ్మీ?" అంది.

నా పిహెచ్.డి. గురించి మా ఇంట్లో ఎవరైనా అడగడం అదే మొదటిసారి. సెమినార్లలో గడగడా మాట్లాడే నాకు అక్క ముందు మాట పెగల్లేదు. తెలుగులో చెప్పాలి, అదీ రాజంపేట తెలుగులో. మెల్లగా మొదలుపెట్టాను.

తిండి బాగా ఉన్నప్పుడు ఈస్ట్ కణం పక్కన మొగ్గ తొడుగుతుంది. మొగ్గ విడిపోయిన చోట తల్లి ఒంటి మీద మచ్చ మిగులుతుంది. ఇరవై ముప్ఫైసార్లు అలా మొగ్గలేసి ఇక చాతకాక ఆగిపోతుంది. నత్రజని దొరక్క, చక్కెరా అయిపోయి, అసిటేట్ లాంటి పలచటి తిండే మిగిలితే మాత్రం దారి మారుస్తుంది. క్షయకరణ విభజన జరిగి కేంద్రకం నాలుగవుతుంది. ఒక్కోదాని చుట్టూ కొత్త పొర లేస్తుంది. కణం నడుమ నొక్కుకుని రెండుగా తెగడం కాదిది. తల్లి కడుపులో, అంతకుముందు పొరే లేని చోట పొర పుట్టడం. నా పరిశోధనంతా ఈ పొర కోసమే.

రెండో విభజనప్పుడు కండె ధ్రువాల బయటివైపు ఒక పీటలాంటిది అమరుతుంది. ఎమ్‌పీసీ54, ఎస్‌పీఓ21 అనే జన్యువులు చేయించే ప్రోటీన్లు అందులో ముఖ్యమైనవి. చిన్న చిన్న బుడగలు వచ్చి ఆ పీట మీద వాలి, ఒకదాంట్లో ఒకటి కలిసి పొరగా పరుచుకుంటాయి. ఆ జన్యువులు లేకపోతే బుడగలకి వాలే చోటు ఉండదు. ఎస్‌పీఓ14 లేకపోతే వాలతాయి గానీ కలవవు. ఎస్‌ఎస్‌పీ1 ప్రోటీన్ పొర అంచు చుట్టూ గాజులా ఉంటుంది. అది లేకపోతే పొర వంకరటింకరగా పోయి కేంద్రకాన్ని సరిగ్గా చుట్టుకోదు. ఇలా గింజ వేయలేని ఈస్ట్ రకాలను వెతికి పట్టుకుని, 1969లో ఈ దారి వేసినవాళ్ళు ఎస్పొసిటో దంపతులు. ఆ పేపరు మీద రోషెల్ పేరు భర్త పేరు తర్వాత ఉంటుంది. ఇలాంటివి గమనించడం నాకు అలవాటైపోయింది.

అక్క పిండి పిసుకుతూనే వింటోంది. "నాలుగిటికీ పొర వస్తాదా?" అంది.

రాదు. అసిటేట్ మరీ తక్కువైతే కణం రెండిటికే వేస్తుంది. రెండో విభజనలో ఉండే నాలుగు ధ్రువాల్లో రెండు పాతవి, రెండు కొత్తవి. పీట కొత్తవాటికే పడుతుంది. పాతవాటి దగ్గరున్న కేంద్రకాలు బయటే ఉండిపోతాయి.

ఆ మాట అన్నాక నా గొంతు ఆగిపోయింది. 2002 కరువులో మా బోరు ఎండి, అరటితోట నిలువునా మాడిపోయింది. అక్క అప్పుడు తొమ్మిది, నేను ఏడు, తమ్ముడు నాలుగు. అమ్మ అక్కను బడి మాన్పించింది. 2008లో పాస్‌పోర్టులో వయసు ఎక్కువ వేయించి కువైట్ పంపారు. నా ఎమ్మెస్సీ హాస్టలు ఫీజు దినార్లలో వచ్చింది.

పోలిక ఎంత సులువుగా కుదిరిందో చూడండి. అందుకే నాకు భయం. ధ్రువానికి ఆడా మగా లేదు. తమ్ముడు చదివింది మగపిల్లాడు కాబట్టి, నేను చదివింది మార్కులు వస్తున్నాయి కాబట్టి. అక్కకు అప్పటికే వంట వచ్చు, అదే దాని నేరం. ప్రకృతిలోనే అంతా ఇలా ఉందని చెప్పి మనల్ని ఎన్ని చోట్ల కూర్చోబెట్టలేదు! ఈస్ట్‌ను సాక్ష్యానికి పిలిచి మా ఇంట్లో జరిగినదాన్ని కడిగేసుకోలేను.

"తల్లి ఏమవుతాది మరి?" అంది అక్క.

తల్లి లోపల వాక్యూల్ అనే సంచి ఉంటుంది. గింజలు తయారయ్యాక అది పగిలి, అందులోని ఎంజైములు పొర బయట మిగిలినదాన్నంతా జీర్ణం చేసేస్తాయి. తల్లి ఒట్టి తొడుగై గింజల మీద ఉంటుంది. ముసలి తల్లి వేసిన గింజకైనా మళ్ళీ నిండు ఆయుష్షు వస్తుందని 2011లో ఏంజెలికా ఏమన్ ల్యాబులో ఎల్చిన్ ఉనల్, సహచరులు చూపించారు. ముసలితనపు చెత్త పొర బయట ఉండిపోయి తల్లితోపాటు పోతుందని 2019లో ఉనల్ బృందమే చెప్పింది.

పక్క గదిలో అమ్మ దగ్గింది. వింటోందని ఇద్దరికీ తెలిసింది.

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నన్ను ఎవురూ ఇడిసిపెట్టలేదులే. ఏడ్చినా గానీ, పోయింది నేనే" అంది. మళ్ళీ తనే, "నీ పుస్తకంలో నా పేరుండాదా?" అని అడిగింది.

నా థీసిస్ కృతజ్ఞతల పేజీలో గైడు పేరుంది, ల్యాబులో సీసాలు కడిగిన అబ్బాయి పేరు కూడా ఉంది. అక్క "కుటుంబ సభ్యులు" అన్న మాటలో ఉంది.

"లేదక్కా" అన్నాను.

పిండి మీద తడిగుడ్డ కప్పి, చేతులు కడుక్కుంది. గంట ఆగాలంట.