కొత్త డిస్కుకు పేరు పెట్టాం

హోసూరు వైపు మన పెద్దవాళ్ళ పాటలు, పొడుపుకథలు దాచిన పాత డిస్కు ఈమధ్య టకటకమని చప్పుడు చేస్తోంది. అందులో పాడినవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. ఆలస్యం చేయకుండా మేము ఎస్పీ రోడ్డుకు వెళ్ళి 1 టెరాబైటు కొత్తది తెచ్చాం. కంప్యూటరు 931 అని చూపిస్తుంది. కొట్టువాడు మోసం చేశాడనుకోకండి. డిస్కు చేసేవాళ్ళు 1000 లెక్కన, కంప్యూటరు 1024 లెక్కన కొలుస్తాయి, అంతే.

సంఘం కంప్యూటరులో ఉన్నది లైనక్స్, యూనిక్స్ వంశమే. అది డిస్కులను ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పిలుస్తుంది. ఆ పేర్లను నమ్మకూడదు. ఈరోజు ఎస్‌డీబీ అన్నది రేపు ఆన్ చేస్తే ఎస్‌డీసీ కావచ్చు. రైల్వేలో పనిచేసిన మాకు ఇది కొత్తేమీ కాదు. స్టేషన్‌లో ఇంజను అటు మారితే ముందు పెట్టె వెనక్కి పోతుంది, పెట్టె మీది నంబరు మాత్రం మారదు. అందుకే కొత్త డిస్కు సీరియల్ నంబరు కాగితం మీద రాసుకుని, ఇద్దరం విడివిడిగా చదివి సరిచూసుకున్నాం. పాత డిస్కు తీగ పీకి పక్కన పెట్టాకే ఫార్మాట్ కొట్టాం. దాని మీద కొడితే ఆ గొంతులు పోయినట్టే.

ఇక లేబులు. ఈఎక్స్‌టీ4 పద్ధతిలో లేబులుకు 16 బైట్లే చోటు. తెలుగు లిపిలో అక్షరానికి 3, గుణింతపు గుర్తుకు మళ్ళీ 3. 'తెలుగు' అంటే త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. మొత్తం 18. పట్టదు! 'తమిళ్' అని తమిళ లిపిలో రాస్తే 15, 'కన్నడ' అని కన్నడ లిపిలో రాస్తే 15. ఆ రెండూ హాయిగా కూర్చుంటాయి. తమిళ బడిలో చదివి, పెద్దయ్యాక తెలుగు అక్షరాలు దిద్దుకున్న మాకు నవ్వూ వచ్చింది, కాస్త కడుపూ మండింది. ఇంగ్లీషులో పెట్టేద్దాం అంకుల్ అన్నారు పిల్లలు. మేము ఒప్పుకోలేదు. 'మనపాట' అని పెట్టాం. సరిగ్గా 15.

ఎఫ్‌స్టాబ్ ఫైలులో కూడా ఎస్‌డీబీ అని రాయకుండా ఆ లేబులే రాశాం. పక్కన నోఫెయిల్ అని చేర్చాం, డిస్కు ఊడి ఉన్నా కంప్యూటరు లేవడానికి. తర్వాత పాతది తగిలించి అన్నీ కాపీ చేశాం. ఒక్క డిస్కును నమ్ముకోలేం, ఇంకొకటి కొనాలి. చందా సంగతి విడిగా రాస్తాం.

మీ ఇళ్ళల్లో పాత క్యాసెట్లు ఉంటే ఆదివారం తీసుకురండి. పాడింది ఎవరో, ఏ ఊరో చీటీ అంటించి మరీ తీసుకురండి.