మా షడ్డకుని మీద వేసిన నింద

నలభై ఏండ్లు దాటిన ముచ్చట ఇది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో చివర చెప్తాను.

1982 జనవరి 18న ముంబయి బట్టల మిల్లులు సమ్మెతో ఆగిపోయినప్పుడు నాకు 24 ఏండ్లు. సాంచాల ఖాతాలో బదలీ మీద పని. పొద్దున్నే గేటు కాడ నిలబడాలి. ఎవరన్నా రాకపోతే మనకు పని, లేకపోతే వట్టి చేతులతో ఇంటికి. జీతాలు పెంచాలని, బదలీ వాళ్లను పర్మనెంట్ చేయాలని డాక్టర్ దత్తా సామంత్ వెనక దగ్గర దగ్గర రెండున్నర లక్షల మంది నిలబడ్డారు. వర్లీలో మా తెలుగువాళ్లం కూడా చానా మందిమి ఉన్నాం.

ఎండాకాలంలో ఒకాయన మాలో కలిసిండు. షోలాపూర్ తెలుగాయన, వేరే మిల్లులో బదలీ అని చెప్పిండు. ఆయన చెప్పిన పేరు ఇక్కడ రాయను. అది ఆయన అసలు పేరో కాదో నాకు ఇప్పటికీ తెలవదు. ఇంటింటికి బియ్యం, జొన్నలు పంచేటప్పుడు మూట భుజాన ఎత్తుకునేవాడు. మా కొడుకు అప్పుడు ఏడాది పిల్లగాడు. ఆయన వస్తే చాలు, చేతులు చాపి ఆయన మీదికి ఉరికేవాడు.

వానాకాలంలో ఒక రాత్రి మా ఖోలీలో ఏడుగురం కూర్చున్నాం. తెల్లారి గేటు కాడ ఎవరెవరు నిలబడాలో మాట్లాడుకున్నాం. అంతకు మించి అందులో రహస్యం ఏమీ లేదు. అదే రాత్రి మూడు గంటలకు పోలీసులు తలుపు కొట్టారు. చేతిలో కాగితం. అందులో మా ఇంటి పేర్లు, ముద్దు పేర్లు కూడా ఉన్నాయి. అయిదుగురిని తీసుకపోయారు. అందులో మా షడ్డకుడు ఒకడు. జ్వరంగా ఉందని ఆయన్ను తెల్లారే వదిలేశారు. మమ్మల్ని వారం ఉంచారు.

నేను బయటికి వచ్చిన రోజు షోలాపూర్ ఆయన నా భార్యతోటి కలిసి ఎదురొచ్చిండు. పిల్లగాన్ని ఎత్తుకొని ఉన్నాడు. దారిలో మెల్లగ అన్నాడు: "అన్నా, అందరిని వారం ఉంచి మీ షడ్డకున్ని ఒక్కన్నే ఎందుకు వదిలిండ్రు? నాకైతే సమజైతలేదు."

అంతే. ఆ ఒక్క మాట నా కడుపులో పురుగులాగ తొలిచింది. నేను ఇద్దరికి చెప్పాను, ఆ ఇద్దరు పది మందికి చెప్పారు. షడ్డకుడు వస్తే మాటలు ఆగిపోయేవి. ఒకరోజు ఆయనే అడిగిండు: "తమ్మీ, నువ్వు కూడా నమ్ముతున్నవా?" నేను తల దించుకున్నా. జవాబు చెప్పలేదు. నెల తిరగకముందే పిల్లలను తీసుకొని భివండి పవర్‌లూములకు పోయిండు. అక్కాచెల్లెండ్లు ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఆ తర్వాత సమావేశం అంటే ఎవరూ నోరు తెరవలేదు. ఎవరి మొహం ఎవరు చూసినా అనుమానమే.

దసరా తర్వాత షోలాపూర్ ఆయన, అమ్మకు బాగలేదని చెప్పి పోయిండు. మళ్ల రాలేదు.

మూడు నాలుగేండ్లకు వినాయక నిమజ్జనం నాడు రోడ్డు మీద బందోబస్తులో కనిపించిండు. ఖాకీ బట్టలు, చేతిలో లాఠీ. నన్ను చూసి తప్పుకోలేదు. దగ్గరికి వచ్చి, "కొడుకు ఎట్లున్నడన్నా?" అని అడిగిండు. నాకు నోట మాట రాలేదు. గుంపు నన్ను ముందుకు తోసుకపోయింది.

ఆయన్ను తిట్టుకుంటూ చాలా ఏండ్లు గడిపాను. కానీ ఇంకొకటి కూడా యాదికి వస్తది. అదే 1982 ఆగస్టు 18న ముంబయి పోలీసు జవాన్లే తిరగబడ్డారు. సర్కారు వాళ్ల సంఘాన్ని రద్దు చేసి నాయకులను పట్టుకపోయింది. పట్నంలోకి మిలిటరీ దిగింది. వర్లీ బి.డి.డి. చాళ్లలో వాళ్ల ఇండ్లూ మిల్లు వాళ్ల ఇండ్లూ పక్కపక్కనే. వాళ్లదీ చాలీచాలని జీతమే. మా సంఘంలో కూర్చుని మా పేర్లు రాసిన మనిషికి, ఆరోజు తన సంఘం పోయినప్పుడు ఏమనిపించిందో?

మొన్న మనవరాలు పేపరు చదివి వినిపించింది. లండన్ పోలీసులు 1968లో ఒక రహస్య దళం పెట్టి, ఉద్యమాల్లోకి మారు పేర్లతో మనుషులను పంపారట. కొందరు చనిపోయిన పిల్లల పేర్లు వాడుకున్నారట. కొందరు ఆ ఉద్యమాల్లోని ఆడవాళ్లతో ఏండ్ల తరబడి కలిసి బతికి, ఒకనాడు మాయమైపోయారట. 2015లో పోలీసులు ఏడుగురు ఆడవాళ్లకు క్షమాపణ చెప్పుకున్నారట. విచారణ కూడా పెట్టారట. "వాళ్లు చూపించిన ప్రేమ నిజమా, డ్యూటీనా తాతా?" అని అడిగింది పిల్ల. నా కొడుకును ఎత్తుకున్న చేతులు గుర్తుకొచ్చాయి. నలభై ఏండ్లుగా నేను అడుక్కుంటున్నదీ అదే.

ఆ రాత్రి ఆయన పోలీసులకు ఇచ్చింది ఏడుగురి పేర్లే. అవి గేటు కాడ నిలబడితే ఎవరైనా చూసేవే. మా ఇండ్ల నుంచి ఆయన నిజంగా ఎత్తుకపోయింది మా నమ్మకాన్ని. కానీ నింద మోసింది మాత్రం నా నోరే. పోలీసాయన అడిగిండు, నేను చాటిన.

షడ్డకుడు ఇప్పుడు లేడు. ఖాకీలో ఆయన్ను చూసిన రోజే భివండి పోయి చెప్పి ఉండాల్సింది. సిగ్గు అడ్డం వచ్చింది. ఈ పత్రిక భివండిలో ఆయన కొడుకుల ఇంటికి కూడా పోతది. నాయినలారా, మీ నాయన ఎవరి పేరూ చెప్పలేదు. తప్పు నాది. మీ చిన్నమ్మ మీ అమ్మను చూడాలని అంటున్నది. రమ్మంటే ఇద్దరం వస్తాం.