బరువు ఏ కాలి మీద?

ఒక్క నిమిషం కుడి చేయి ముందుకు చాచండి. అరచేయి పైకి ఉండాలి. ఎడమ చేత్తో ఆ ముంజేతిని మధ్యలో పట్టుకుని, అరచేతిని నెమ్మదిగా కిందికి తిప్పండి. వేళ్ళ కింద ఏదో కదిలింది కదూ? ముంజేతిలో రెండు ఎముకలున్నాయి. చిటికెన వేలి వైపుది అల్నా, బొటనవేలి వైపుది రేడియస్. అరచేయి పైకి ఉన్నంతసేపూ రెండూ పక్కపక్కన బుద్ధిగా ఉంటాయి. కిందికి తిప్పామో లేదో, రేడియస్ వెళ్ళి అల్నాకి అడ్డంగా పడుతుంది. తాళం తీసిన ప్రతిసారీ, గరిటె తిప్పిన ప్రతిసారీ జరిగేది ఇదే. అయినా ఎవరో ఒకరు చెబితే తప్ప మనకి పట్టదు.

నాకు చెప్పింది మా మేనకోడలు. శంషాబాద్‌లో ఉంటుంది, యానిమేషన్‌లో డిగ్రీ చదువుతోంది. కార్టూన్లు వేసుకునే పిల్లకి ఈ ఎముకల గొడవ ఎందుకమ్మా అన్నాను. కంప్యూటర్ తెర మీద ఓ బొమ్మ చేయి చూపించింది. ముంజేతికి ఒకటే ఎముక పెట్టి మణికట్టు తిప్పింది. చాక్లెట్ కాగితాన్ని మెలిపెట్టినట్టు మణికట్టు నలిగి సన్నబడిపోయింది. అందుకే రిగ్గింగ్ చేసేవాళ్ళు, అంటే బొమ్మ లోపల కదిలే అస్థిపంజరం అమర్చేవాళ్ళు, ముంజేతి పొడవునా అదనపు ఎముకలు పెట్టి ఆ మెలికను కొంచెం కొంచెంగా పంచుతారట. దేవుడు రెండింటితో సరిపెట్టిన పనికి వీళ్ళకి మూడో నాలుగో కావాలి!

తమాషా ఏమిటంటే, ఈ చదువులో కంప్యూటర్ దాకా రావడానికే చాలాకాలం పడుతుంది. ముందంతా కాగితం, బొగ్గు, పెన్సిలు. మనిషి ఎదురుగా నిలబడతాడు, ముప్పై సెకన్లలో వేసేయాలి. కళ్ళూ ముక్కూ వేసే టైముండదు. వేయవలసింది ఒక్కటే, బరువు.

"మామా, మా సార్ నా బొమ్మ చూసి ఏమన్నడో తెలుసా? ఇది నిలబడలే, గోడకు తగిలించినవ్ అన్నడు" అంది ఓసారి, మొహం మాడ్చుకుని.

సారు చెప్పింది నిజమే. మనం ఎప్పుడూ రెండు కాళ్ళ మీదా సమానంగా నిలబడం. బరువు ఏదో ఒక కాలి మీద వేస్తాం. అటువైపు తుంటి పైకి లేస్తుంది, దాన్ని సరిచేయడానికి అటు భుజం కిందికి దిగుతుంది, మెడ మళ్ళీ ఇంకో వైపు ఒరుగుతుంది. మన గుళ్ళలో త్రిభంగిలో నిలబడ్డ విగ్రహాలు చూడండి, ఈ లెక్కంతా రాతిలో ఉంది. శంషాబాద్ పిల్లలు దీనికోసం ఎక్కడికో పోనక్కర్లేదు. పక్కనే నర్కుడలో అమ్మపల్లి గుడి ఉంది. సినిమా షూటింగుల పుణ్యమా అని ఆ గోపురం, ఆ కోనేరు మనందరికీ తెలిసినవే.

అంతకన్నా పెద్ద పాఠం ముచ్చింతల్‌లో ఉంది. 2022 ఫిబ్రవరి 5న ప్రధానమంత్రి ఆవిష్కరించిన రామానుజుల విగ్రహం, పీఠంతో కలిపి 216 అడుగులు. పంచలోహం. చైనాలో ఏరోసన్ అనే కంపెనీ పోతపోస్తే, సుమారు 1,600 ముక్కలుగా ఇక్కడికొచ్చి ఒక్కటైంది. మేనకోడలితో ఓ ఆదివారం వెళ్ళాను. నేను దణ్ణం పెట్టుకుంటుంటే ఆ పిల్ల కింద కూచుని, విగ్రహం మోకాళ్ళు వేస్తోంది! పద్మాసనంలో కూర్చున్న అంతెత్తు విగ్రహాన్ని కాళ్ళ దగ్గర నిలబడి చూస్తే మోకాళ్ళే కొండల్లా కనిపిస్తాయి, ముఖం చిన్నదైపోతుంది. పెద్ద విగ్రహాలు చేసేవాళ్ళందరికీ ఉన్న తలనొప్పి ఇది. కొలత ప్రకారం చేస్తే కంటికి తప్పుగా ఉంటుంది, కంటికి సరిపడేలా చేస్తే కొలత తప్పుతుంది. కంప్యూటర్‌లో కెమెరా లెన్స్ మార్చినప్పుడల్లా మేనకోడలికీ ఇదే పోరు.

మన శిల్పులకి కొలత అంటే తాళం. ముఖం పొడవు ఒక తాళం, అంటే పన్నెండు అంగుళాలు. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, బొమ్మను బట్టి మారేది. నవతాళమైతే 108 అంగుళాలు, దశతాళమైతే 120, అది పెద్ద దేవుళ్ళకి. వినాయకుడికి ఐదు తాళాలు, పసిపిల్లలకి నాలుగు. తల పెద్దదై ఒళ్ళు పొట్టిగా ఉంటే ముద్దొస్తుందన్న రహస్యం వాళ్ళకి ఎప్పుడో తెలుసన్నమాట. హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ వాళ్ళ ఛోటా భీమ్ 2008 నుంచి ఆ రహస్యం మీదే లడ్డూలు తింటున్నాడు.

రిగ్గింగ్ కూడా మనకి కొత్తేం కాదు. నిమ్మలకుంట తోలుబొమ్మ చూడండి. మేకతోలు ముక్కలు, భుజం దగ్గర ఓ కీలు, మోచేతి దగ్గర ఓ కీలు, ఆడించడానికి పుల్లలు. కీలు ఎక్కడ పెట్టాలో తెలిసినవాడే బొమ్మను బతికించగలడు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

సరే, ముఖమే లేని పాత్రని ఏం చేస్తారు? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మేనకోడలు 'ఈగ' పెడుతుంది. 2012 జులైలో వచ్చిన రాజమౌళి సినిమా. ఈగ ముఖంలో చాలాభాగం కళ్ళే. ఆ కళ్ళకి రెప్పల్లేవు, కనుబొమల్లేవు, నవ్వడానికి పెదాలు లేవు. హైదరాబాద్ మకుట సంస్థ వాళ్ళు నిజం ఈగల్ని ఫ్రిజ్‌లో పెట్టి, అవి స్పృహ తప్పాక దగ్గర్నుంచి ఫోటోలు తీసి మరీ చదువుకున్నారు. అయినా మొదట చేసిన ఈగ నచ్చక మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. చివరికి కోపం, పంతం, గర్వం అన్నీ ముందుకాళ్ళలోకీ, తల తిప్పే తీరులోకీ, రెక్కల విదిలింపులోకీ వెళ్ళాయి. స్పెషల్ ఎఫెక్ట్స్‌కి జాతీయ అవార్డు కూడా వచ్చింది. పిక్సార్ వాళ్ళు 1986లోనే 'లక్సో జూనియర్' అని రెండు టేబుల్ లైట్లతో తండ్రీకొడుకుల కథ చెప్పారు, వాటికీ ముఖం లేదు. నన్నడిగితే ఈగే ఎక్కువ కష్టం. టేబుల్ లైటుని ఎవరూ చీదరించుకోరుగా!

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. మేనకోడలిది సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్, అందులో బ్లెండర్. పైసా ఖర్చు లేదు. 2025లో ఆస్కార్ గెలిచిన లాత్వియా యానిమేషన్ సినిమా 'ఫ్లో' చేసింది ఇందులోనే. కాబట్టి పనిముట్టు లేదన్న సాకు చెల్లదు. కానీ ఈ సాఫ్ట్‌వేర్లన్నిటిలోనూ ఓ మాయదారి బటన్ ఉంది, సిమెట్రీ. ఎడమ చెంప చెక్కితే కుడి చెంప దానంతటదే వచ్చేస్తుంది. సగం పని మిగులుతుంది కదా అని పిల్లలు దాన్ని చివరిదాకా ఆన్‌లోనే ఉంచుతారు. అప్పుడొచ్చే ముఖం బట్టలకొట్టు అద్దంలో నిలబెట్టిన బొమ్మదే, మనిషిది కాదు. ఓ కనుబొమ కాస్త పైకి, ఓ పెదవి మూల కాస్త కిందికి లాగితే గానీ ఊపిరి రాదు. ఎంత లాగాలన్నది ఏ బటనూ చెప్పదు.

దానికే ఈ పిల్ల విమానాశ్రయానికి వెళ్తోంది. విమానం ఎక్కడానికి కాదు, బయట జనం ఎదురుచూసే చోట కూచుని బొమ్మలేయడానికి. 2008 మార్చిలో మొదలైన ఆ విమానాశ్రయం తన క్లాసుకి అనుబంధ శాఖ అనుకుంటుంది. నోట్‌బుక్ తిరగేశాను. ముఖాలు దాదాపు లేవు. నిద్రపోయిన పిల్లని భుజాన వేసుకున్న తండ్రి: ఆ భుజం పైకి లేచింది, వెన్నెముక రెండో వైపుకి వంగింది, ఆ వైపు కాలే బరువంతా మోస్తోంది. పేరు రాసిన అట్ట పట్టుకున్న డ్రైవరు: మొదట ఛాతీ దగ్గర ఉన్న అట్ట పేజీలు తిప్పేకొద్దీ నడుం దాకా జారింది. గల్ఫ్ వెళ్ళే కొడుకుని సాగనంపడానికి జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఓ పెద్దమ్మ: బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా ఉంది.

"ఎవరూ అట్ల నిలబడరన్నవ్ కదా?" అన్నాను, ఆ పిల్ల యాసలోనే.

"నేను గూడ అదే అనుకున్న మామా. సార్‌కు చూపిస్తే ఏం దిద్దలే, పేజీ తిప్పిండు" అంది.

అందుచేత, పుష్పక్ బస్సు దిగి అరైవల్స్ దగ్గర మీరు ఎవరికోసమో ఎదురుచూస్తున్నప్పుడు, దూరంగా కూచున్న ఓ అమ్మాయి మీ మోకాళ్ళ వంక గుడ్లప్పగించి చూస్తుంటే కోప్పడకండి. కాలు మాత్రం మార్చకండి. ముప్పై సెకన్లు ఓపిక పడితే చాలు.