సస్కాచువాన్ చేలలో జూలై మాసం

కెనడా పశ్చిమ భాగాన మానిటోబా, సస్కాచువాన్, ఆల్బర్టా రాష్ట్రాలలో పరచుకొని ఉన్న ప్రెయిరీ మైదానాలు ఆ దేశానికి ధాన్యాగారం వంటివి. గోదావరి డెల్టాను మనసులో ఉంచుకొని అక్కడికి వెళ్ళే తెలుగువాడికి మొదట కలిగేది ఆశ్చర్యమే. దారి పొడవునా కాలువ కనిపించదు, చెరువు గట్టు కనిపించదు. రెజైనా నగరంలో వాన, మంచు రెండూ కలిపి కొలిచినా సగటున ఏడాదికి 400 మిల్లీమీటర్ల లోపే. మన అనంతపురంలో సుమారు 550! అయినా అక్కడ గోధుమ, బఠాణీ, మసూరు, ఆవ జాతికి చెందిన కనోలా పండుతున్నాయంటే, శీతకాలపు మంచు కరిగి నేలకు ఇచ్చే పదును, చల్లని రాత్రులు, జూలైలో దాదాపు పదహారు గంటలుండే పగలు అందుకు కారణాలు. మే నెలలో విత్తనం, సెప్టెంబరులో పెనుమంచు పడేలోగా కోత. ఉన్న వ్యవధి వంద రోజుల పైచిలుకు మాత్రమే.

2023 జూలై చివరి వారంలో రెజైనాలోని మా అమ్మాయి ఇంట ఉన్నప్పుడు ఆ చేలను దగ్గరగా చూసే అవకాశం లభించింది. మా అల్లుడు వ్యవసాయ యంత్రాల మరమ్మతు విభాగంలో పనిచేస్తాడు. స్విఫ్ట్ కరెంట్ పట్టణం అవతల ఒక రైతు వద్దకు పనిమీద వెళుతూ నన్ను వెంటబెట్టుకు వెళ్ళాడు. మన పత్రిక పాఠకులలో సేద్యగాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చినవారు అనేకులున్నారు కనుక ఆ ఒక్కరోజు ప్రయాణం గురించే వ్రాస్తున్నాను.

రెజైనా చుట్టూ నేల అరచేయిలా చదును. ఒకనాటి హిమానీనదపు సరస్సు అడుగున పేరుకొన్న బంకమట్టి అది; మన రేగడి వలె తడిని పట్టి ఉంచుతుంది. పైరు నిండుగా ఉంది. "ఇక్కడ పంటకు ఢోకా లేదు" అన్నాను. అల్లుడు నవ్వి, "మామయ్యగారూ, కారులోంచి చూసి ఆ మాట అనకండి. ఇక్కడి రైతులు ఒప్పుకోరు" అన్నాడు.

మూస్ జా పట్టణం దాటిన తరువాత నేల ఎగుడుదిగుడు కాసాగింది. చాప్లిన్ వద్ద తెల్లని ఉప్పు సరస్సు కళ్ళు మిరుమిట్లు గొలిపింది. ఇంకా పడమరకు పోయేకొద్దీ నల్లమట్టి గోధుమరంగుకు మారింది, పైరు పొట్టిదైంది. 1857-60 మధ్య ఈ ప్రాంతాలను పరిశీలించిన జాన్ పాలిసర్ ఇక్కడి దక్షిణ భూములను సేద్యానికి పనికిరానివిగా ఎంచాడు. 1872 నాటి చట్టంతో పది డాలర్ల రుసుముకు 160 ఎకరాలు ఇస్తామనగానే జనం క్రమంగా వచ్చి స్థిరపడ్డారు. 1930ల కరవులో అదే మట్టి ధూళి మేఘాలై లేచింది. ఆ త్రికోణాన్ని నేటికీ పాలిసర్ పేరుతోనే పిలుస్తారు. 2023లో కూడా బెట్ట ఎక్కువగా తగిలింది ఈ నైరుతి మూలకే.

ఆ రైతుకు అరవై ఏళ్ళు ఉండవచ్చు. తాతల నాటి భూమి. కరచాలనం ముగియగానే మమ్మల్ని గోధుమ చేలోకి తీసుకుపోయాడు. రోడ్డు మీద నుంచి ఆ చేను పచ్చగా, సమంగా కనిపించింది. లోపలికి నూరడుగులు నడిచాక సాళ్ళ మధ్య నెర్రెలు కనిపించాయి. కింది ఆకులు ఎండి కాగితాల్లా గలగలలాడాయి. అడుగడుగునా మిడతలు లేచాయి. ఆయన చేతిలో కొనకు చిన్న ఉండ ఉన్న ఇనుప చువ్వ ఒకటి ఉంది. దానిని నేలలో గుచ్చితే తడి ఉన్నంత లోతు దిగుతుంది, పొడిమట్టి తగలగానే ఆగుతుంది. అక్కడ జానెడు కూడా దిగలేదు. ఏ పరికరమూ లేకుండా మడమతో తొక్కి పదును చెప్పే మా తాతగారు గుర్తుకు వచ్చారు.

తరువాత లెక్క. చదరపు అడుగు చట్రం నేలపై పెట్టి కంకులు లెక్కించాడు: ఇరవై రెండు. కంకిని అరచేతిలో నలిపి గింజలు లెక్కించాడు: పద్దెనిమిది. పాలుపోసుకొనే దశ దాటి గింజ గట్టిపడుతున్న సమయం. ఇలా చేలో పదిచోట్ల చూచి సరాసరి తీయాలట. గింజ నిండుగా ఊరితే ఎకరాకు 20 బుషెళ్ళు, అంటే మన లెక్కలో ఐదున్నర క్వింటాళ్ళు. ఎండ ఇలాగే కాస్తే గింజ నొక్కుకుపోయి 15 రావడమూ కష్టమే. కాలం కలిసివచ్చిన ఏడు ఇదే చేలో అంతకు రెట్టింపు చూశానన్నాడు. వడగళ్ళు పడితే ఈ లెక్కలన్నీ వృథా. వాటికి వారు ముద్దుగా పెట్టుకున్న పేరు 'తెల్లని కోతయంత్రం'.

ఈ అంచనాకు ఇంత శ్రమ ఎందుకని అడిగాను. ఆయన 2021 సంగతి చెప్పాడు. ఆ వసంతంలో ధరలు బాగున్నాయని చాలామంది రైతులు పంటను ముందే కంపెనీలకు ఒప్పందం చేశారు. జూన్ చివర వడగాడ్పులు వచ్చాయి. కెనడా గోధుమ దిగుబడి అంతకు ముందటి ఏడాదికన్నా మూడోవంతుకు పైగా పడిపోయింది. ఒప్పుకున్న ధాన్యం లేనివారు, పెరిగిన ధరకూ ఒప్పందపు ధరకూ మధ్య తేడాను చేతినుంచి కట్టవలసి వచ్చింది. పండని పంటకు డబ్బు చెల్లించడమన్నమాట! ఇప్పుడు మళ్ళీ కొనుగోలుదారు ఫోను చేసి ధర చెబుతున్నాడు. ఎంతకు ఒప్పుకోవాలన్నది ఆ చట్రంలోని ఇరవై రెండు కంకులే చెప్పాలి.

మసూరు చేలో నిలబడి ఆయన నన్నే ఒక ప్రశ్న అడిగాడు: "మీ దేశంలో వానలు ఎలా ఉన్నాయి?" మర్యాదకు అడిగాడనుకున్నాను. కాదు. మనకు పప్పులు తక్కువైతే ఆయన పంటకు ధర, మనం సుంకం వేస్తే ఆయనకు నష్టం. 2017 నవంబరులో భారతదేశం బఠాణీపై 50 శాతం సుంకం వేసిన వార్త ఆయనకు తేదీతో సహా గుర్తుంది. తెలంగాణలో వరదలని ఇంటినుంచి విన్న మాట చెప్పాను. ఆయన తల ఊపి, "ఆగస్టు ఇంకా ఉంది కదా" అన్నాడు. నిజంగానే 2023 ఆగస్టు, 1901 నుంచి లెక్కలున్నంతలో, మన దేశానికి అత్యంత పొడి ఆగస్టుగా నమోదైంది.

సాయంత్రం ఆయన వంటింటి బల్ల దగ్గర కాఫీ త్రాగాము. రాష్ట్ర వ్యవసాయశాఖ వారం వారం ప్రకటించే పంటల నివేదికకు సమాచారం పంపే సుమారు రెండువందలమంది స్వచ్ఛంద రైతులలో ఆయన ఒకరు. నేలలో పదును అధికమా, చాలినంతా, తక్కువా, మరీ తక్కువా అని తన మండలం మొత్తానికి ఆయన చెప్పాలి. మండలమంటే దాదాపు పద్దెనిమిది మైళ్ళ పొడవు, అంతే వెడల్పు. తన చేను ఎండినంత మాత్రాన మండలమంతా ఎండినట్లు వ్రాయరాదని ఉత్తరపు వైపు ఇద్దరు రైతులకు ఫోను చేశాడు. ఒకరి పొలంలో రెండు రోజుల క్రితం జల్లు పడిందట. మా ఎదుటే అంకెలు రెండుసార్లు దిద్దాడు. కొనుగోలుదారుతో మాత్రం ఎకరాకు ఐదు బుషెళ్ళ మేరకే ఒప్పుకున్నాడు. ఇంకొంచెం అమ్మవచ్చునని భార్య అన్నది; ఆయన వినలేదు.

అక్టోబరులో మా అల్లుడు ఫోనులో చెప్పాడు. ఆ చేను పదమూడు బుషెళ్ళు తూగిందట. ఒప్పుకున్న ఐదూ ఎలివేటరుకు చేరగా, మిగిలినది ధర కోసం ఇనుప గాదెలో ఉంచాడట.