చీరాలలో కారంచేడు

చీరాలలో రైలు దిగినవాళ్లు వాడరేవు బీచ్‌కి పోతారు. నేను విజయనగర్ కాలనీకి పోవాలన్నాను. "కారంచేడోళ్ల కాలనీకా?" అన్నాడు ఆటో ఆయన. నలభై ఏళ్లయినా ఆ పేరు పోలేదు.

1985 జులై 17న కారంచేడు మాదిగపల్లె మీద దాడి జరిగింది. మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర గొడవతో. ఆరుగురు చనిపోయారు. మిగిలినవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరి, చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. శిబిరం అక్కడే, పోరాటం అక్కడే. దళిత మహాసభ పుట్టిందీ ఆ రోజుల్లోనే. వెనక్కి పోలేనివాళ్ల కోసం తర్వాత ఈ కాలనీ వచ్చింది.

కష్టంలో నీడనిచ్చింది చర్చి. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదు. సిక్కులైతే, బౌద్ధులైతే ఉంటుంది. అందుకే మన పల్లెల్లో ఎంతోమందికి ఆదివారం చేతిలో బైబిల్, బీరువాలో 'హిందూ' అని రాసిన సర్టిఫికెట్. దాన్ని దొంగాట అనేవాళ్లున్నారు. కాలనీ వీధుల్లో నడుస్తుంటే నాకు అలా అనిపించలేదు. ఆ రోజు కత్తులు పట్టుకొచ్చినవాళ్లు ఎవరు ఏ దేవుడికి మొక్కుతారని అడగలేదు. ఏ పల్లెవాళ్లో చూశారు, అంతే.