తీర్పు తర్వాత

1/70 చట్టం ఉండగానే మా తాత చెలక గిరిజనేతరుల చేతుల్లోకి పోయింది. అందుకే శామ్యూల్ వూస్టర్ జీవితం నా మనసులో నిలిచింది.

ఆయన అమెరికాలో కాంగ్రిగేషనల్ పాదిరి. చెరోకీ ఆదివాసుల మధ్య ఉండేవాడు. సెక్వోయా అనే చెరోకీ మనిషి తన భాషకు లిపి చేశాడు. దానికి అచ్చు అక్షరాలు పోతపోయించడంలో వూస్టర్ తోడ్పడ్డాడు. 1828లో చెరోకీల సొంత పత్రిక వచ్చింది.

అనుమతి లేకుండా అక్కడున్నాడని జార్జియా రాష్ట్రం 1831లో ఆయనకు నాలుగేళ్ళ కఠినశిక్ష వేసింది. చెరోకీ నేలమీద జార్జియా చట్టం చెల్లదని 1832లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు నేలను కాపాడలేదు. 1838లో సైన్యం వాళ్ళను పడమటికి తరిమింది. వేలమంది చనిపోయారు. ముందే అటు వెళ్ళిన వూస్టర్ అక్కడ చెరోకీ అచ్చుపని మళ్ళీ మొదలుపెట్టాడు.

మా బడిలో పిల్లలచేత కోయ మాటలు తెలుగు అక్షరాల్లో రాయిస్తున్నాను. "ఇది పరీక్షలో వస్తదా సార్?" అన్నది ఒక పిల్ల.

"రాదమ్మా, అయినా రాయి" అన్నాను.