అబ్బో, ఈ నీలం రంగు!

టీబీ తెమడ పరీక్ష స్లైడును మైక్రోస్కోపులో చూశారా? నేను చూశాను, ఇంకా తేరుకోలేదు. నీలం పరుచుకున్న మధ్యలో అక్కడక్కడా సన్నటి ఎర్ర పుల్లలు. అవే క్షయ క్రిములు! ముందు కార్బాల్ ఫుక్సిన్ పోసి, ఆవిర్లు వచ్చేదాకా కింద మంట చూపిస్తారు. అంతా ఎర్రబడుతుంది. 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే మొండి క్షయ క్రిమి తప్ప అన్నీ ఆ రంగు వదిలేస్తాయి. ఆఖర్న అర నిమిషం మిథిలీన్ బ్లూ. ఇంకేముంది, ఊరంతా నీలం, దొంగ ఒక్కడే ఎరుపు. ఇప్పుడు కొత్త మిషన్లు వచ్చాయి గానీ, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి ఊళ్ల సర్కారు దవాఖానల్లో ఏళ్ల తరబడి టీబీని పట్టిచ్చింది ఈ పరీక్షే.

ఈ మిథిలీన్ బ్లూ పుట్టుక మరీ విచిత్రం. 1876లో జర్మనీలో హైన్రిష్ కారో తయారుచేసింది బట్టల అద్దకానికి! 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనిపెట్టడానికి ఇదే వాడాడు. 1891లో పాల్ ఎర్లిష్ ఏకంగా మలేరియాకు మందుగా ఇచ్చి చూశాడు.

నన్ను పడగొట్టింది మాత్రం పాల పరీక్ష. 10 మిల్లీలీటర్ల పాలలో 1 మిల్లీలీటరు రంగు కలిపి 37 డిగ్రీల వేడిలో పెడతారు. బ్యాక్టీరియా కిటకిటలాడే పాలైతే వాటిలోని ఆక్సిజన్ అయిపోయి, అర గంటలోపే నీలం మాయం. పాలు మళ్లీ తెల్లగా! ఐదు గంటలు దాటినా నీలం నిలిచిందా, ఆ పాలు భేషు.

ఇక వైరస్‌ల సంగతి. యూరప్‌లో 1990ల నుంచే రక్తంలోని ప్లాస్మాకు ఈ రంగు కలిపి వెలుతురు పట్టిస్తున్నారు. వెలుగు తగిలితే ఈ రంగు ఆక్సిజన్‌ను రెచ్చగొడుతుంది, అది వైరస్ జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తుంది. కోవిడ్ వైరస్‌ను కూడా ల్యాబుల్లో ఇలాగే దెబ్బకొట్టారు. వెలుతురు లేకుండానూ కణాల్లో దాని పెరుగుదలను అడ్డుకుందని తేలింది.

అలాగని సీసా ఎత్తి తాగేరు సుమా! ల్యాబులో గెలిచింది ఒంట్లోనూ గెలుస్తుందని రుజువు కాలేదు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఎర్రకణాలు పగిలిపోవచ్చు. కొన్ని డిప్రెషన్ మందులతో కలిస్తే ప్రాణం మీదికే వస్తుంది. డాక్టరు చెప్పనిదే చుక్క కూడా నోట్లో వేసుకోకండి.